వరాలు నవ్వితే చేతులు చూడాలి

అనగనగా, చుట్టూ నీళ్ళూ మధ్యన ఇళ్ళూ ఉన్న ఒక లంక ఊళ్ళో, ఒక చిన్నపిల్లల బడి ఉండేది తల్లీ. కొల్లేటి నడుమ ఊరది. వానలు పడితే ఆ ఊరికి బస్సు రాదు, పడవే వస్తుంది. కూరగాయలూ పడవలోనే, పెళ్ళికూతురూ పడవలోనే, గ్యాసు బండ కూడా పడవలోనే.

కాళ్ళు లోపలికి పెట్టుకో, దుప్పటి కప్పుతాను. ఆఁ, ఇప్పుడు విను.

అది అంగన్‌వాడీ బడి. ఒకటే గది. పక్కన వంటకి చిన్న వసారా. వెనకాల సామాన్ల కొట్టు. గోడల మీద చిలక బొమ్మ, మామిడిపండు బొమ్మ, ఏనుగు బొమ్మ. ఏనుగుని గీసినాయనకి గోడ చాలలేదు. అందుకని తొండం తీసుకెళ్ళి కిటికీ తలుపు మీద గీశాడు. కిటికీ మూస్తే ఏనుగుకి తొండం ఉండేది, తీస్తే ఉండేది కాదు. పొద్దున్నే కిటికీ తియ్యగానే పిల్లలంతా "ఏనుగు తొండం ఊరికెళ్ళింది!" అని అరిచేవాళ్ళు.

ఆ బడికి ప్రమీల టీచరు రోజూ అవతలి ఒడ్డు నుంచి పడవలో వచ్చేది. అన్నం వండి, గుడ్లు ఉడకబెట్టి, మూతులు తుడిచేది కాంతమ్మ. ఆవిణ్ణి అందరూ ఆయమ్మా అనేవాళ్ళు. పిల్లలు పద్నాలుగు మంది. అందులో ఒక పిల్ల పేరు వరాలు.

వరాలుకి నాలుగున్నరేళ్ళు. నీకంటే రెండు వేళ్ళు పొట్టి. నడినెత్తిన ఒక పిలక. ఆ పిల్లకి ఒక అలవాటు ఉండేది. నవ్వడం.

నవ్వితే మంచిదే కదా అంటావా? విను మరి.

ఒకరోజు వరాలు పడవ దిగుతూ బల్ల మీంచి జారి పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం వచ్చింది. చూసినవాళ్ళంతా అయ్యో అయ్యో అన్నారు. వరాలు మాత్రం కిలకిలా నవ్వింది. వాళ్ళమ్మ గబగబా వచ్చి పసుపు అద్దింది. మంట పుట్టింది. అప్పుడు ఇంకా గట్టిగా నవ్వింది. "చూశారా, మా పిల్ల ఎంత గట్టిదో!" అని వాళ్ళమ్మ మురిసిపోయింది.

ఆ తర్వాత ఒకరోజు బడిలో నాంచారయ్య నిక్కరు తడుపుకున్నాడు. పాపం, పాట మధ్యలో లేవడం ఇష్టం లేక ఆపుకున్నాడు, ఆగలేదు. ఆయమ్మ "ఏంట్రా ఇది, ఒక్కమాట చెప్పకూడదూ?" అంటూ బకెట్టు తెచ్చింది. అందరూ మాట్లాడకుండా ఉన్నారు. వరాలు ఒక్కతీ పకపకా నవ్వింది. నాంచారయ్య చెవులు ఎర్రగా అయిపోయాయి. ఆ రోజంతా వాడు వరాలు వైపు చూడలేదు.

ఆ తర్వాత మూడోది జరిగింది. అదే అన్నిటికంటే పెద్దది.

ఎస్తేరు అని వరాలుకి ఒక స్నేహితురాలు. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు. ఎస్తేరు వాళ్ళు బాతుల్ని పెంచేవాళ్ళు. మందలో అన్నిటికంటే చిన్న బాతుపిల్లకి తల మీద నల్ల మచ్చ ఉండేది. దానికి చుక్క అని పేరు పెట్టుకుంది ఎస్తేరు. దానికి ఒక కాలు సరిగా లేక మందతో నడవలేకపోయేది, అందుకని ఎస్తేరు రోజూ బుట్టలో పెట్టుకుని బడికి తెచ్చేది. చుక్క పిల్లల మధ్యన కుంటుకుంటూ తిరిగేది. ఆయమ్మ తిడుతూనే దానికి నూకలు వేసేది.

ఒకరోజు పొద్దున ఎస్తేరు బుట్ట తెచ్చి మూత తీసింది. చుక్క లేవలేదు. "చుక్కా, బడికొచ్చాం, లే" అంది. లేవలేదు. ప్రమీల టీచరు వంగి చూసి, బుట్ట మూత మెల్లగా పెట్టేసింది. ఎస్తేరుకి అర్థమైంది. బావురుమంది.

అప్పుడు గదిలో ఇంకో చప్పుడు వినిపించింది. కిలకిల కిలకిల. అందరూ తిరిగి చూశారు. వరాలు నవ్వుతోంది.

"తప్పు తల్లీ! ఒకరు ఏడుస్తుంటే నవ్వుతారా?" అంది టీచరు. వరాలు చేత్తో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి నవ్వు వచ్చేస్తూనే ఉంది.

ఎస్తేరు ముక్కు తుడుచుకుని లేచింది. "నువ్వు చెడ్డదానివి. నీతో జట్టు లేదు పో. ఎప్పటికీ లేదు పో" అంది. అని, చాప లాక్కుని అవతలి గోడ దగ్గరికి వెళ్ళిపోయింది. వరాలు వట్టి నేల మీద మిగిలింది.

ఇక అంతే. ఆ రోజంతా వరాలు పక్కన ఎవరూ కూర్చోలేదు. వరాలు పలక ఎవరూ అడగలేదు. గుండ్రంగా నిలబడి చేతులు పట్టుకుని ఆడేటప్పుడు వరాలుకి ఈ పక్క ఒక మనిషంత ఖాళీ, ఆ పక్క ఒక మనిషంత ఖాళీ. ఆ ఖాళీల మధ్యన నిలబడి కూడా నవ్వుతూనే ఉంది. "దీనికి సిగ్గు లేదు" అన్నాడు నాంచారయ్య.

ఇంటికెళ్ళాక వరాలు అన్నం తినలేదు. "ఏమే, చేపల పులుసు కూడా వద్దా?" అంది అమ్మ. వరాలు నవ్వింది. "రేపు బడికెళ్ళనమ్మా" అంది, నవ్వుతూనే. ఆడుకుంటోందనుకుంది అమ్మ. నవ్వుతూ చెప్పినమాట ఎవరు నమ్ముతారు చెప్పు?

కానీ ప్రమీల టీచరుకి మాత్రం మనసులో ఏదో ముల్లు గుచ్చుకున్నట్టుంది. సాయంత్రం పడవలో కూర్చుని ఇంటికి వెళ్తూ ఆ పొద్దుటి సంగతే తలుచుకుంది. పిల్ల నోరు నవ్వింది, సరే. మరి రెండో చెయ్యి గౌను అంచుని అలా నలిపేస్తోందెందుకు? కాలివేళ్ళు నేలని గోకుతున్నాయెందుకు? తిట్టేముందు అటు చూడాల్సింది కదా నేను, అనుకుంది. పడవాయన రెండుసార్లు పిలిస్తే గానీ ఒడ్డు వచ్చిందని ఆవిడకి తెలియలేదు.

మర్నాడు టీచరు పెద్ద గోనెసంచి మోసుకొచ్చింది. పిల్లలంతా మూగారు. అందులోంచి ఒక్కొక్కటే తీసింది. ఒక ఖాళీ నూనె డబ్బా. ఎండిపోయిన సొరకాయ, ఊపితే లోపల గింజలు గలగలలాడేది. కొబ్బరి చిప్పలు. ఒక జత గజ్జెలు. భజనలో వాయించే చిన్న చిన్న తాళాలు. అన్నిటికంటే అడుగున ఒక మట్టికుండ, నీ తలకాయంత.

"ఈ మూడు రోజులూ మనం నోటితో చెప్పుకోవద్దు. చేత్తో చెప్పుకుందాం. మీ పొట్టలో ఏముందో అది వాయించండి" అంది.

"నా పొట్టలో ఇడ్లీ ఉంది" అన్నాడు నాంచారయ్య.

"ఇడ్లీ కింద ఏముంది?"

వాడు చొక్కా ఎత్తి పొట్ట చూసుకున్నాడు. "తెలీదు టీచర్."

"అయితే వాయించి చూడు."

మొదటిరోజు సంతోషం. అబ్బో, ఆ చప్పుడు ఏం చెప్పను! దొరికినవాళ్ళు దొరికింది పట్టుకున్నారు. దొరకనివాళ్ళు కంచాలు పట్టుకున్నారు. ధడేల్ ధడేల్, గలగల, ఛంఛం! చూరు మీద పావురాలన్నీ లేచిపోయాయి. ఆయమ్మ గరిటె చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, పైకప్పు కూలిందేమోనని. చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని, "సంతోషం ఇంత గట్టిగా ఉంటుందా టీచరుగారూ? నా పప్పు మాడిపోయింది" అంది. ఆ రోజు అందరూ మాడుపప్పు తిన్నారు. బాగానే ఉందన్నారు.

ఎస్తేరు మాత్రం ఏదీ ముట్టుకోలేదు. వరాలూ ముట్టుకోలేదు. గదికి ఈ మూల ఒకతి, ఆ మూల ఒకతి.

రెండోరోజు కోపం. నాంచారయ్య డబ్బా ముందేసుకుని కూర్చున్నాడు. ధన్! ధన్! ధన్! పళ్ళు బిగించి కొట్టాడు. డబ్బాకి సొట్ట పడింది. టీచరు ఆపమనలేదు. పక్కన కూర్చుంది.

"ఎవరి మీద నాన్నా?"

"మా తమ్ముడి మీద." ధన్! "పొద్దుటి నుంచీ అమ్మ ఒళ్ళోనే ఉంటాడు." ధన్! "నేను వస్తే నువ్వు పెద్దాడివి అంటుంది." ధన్. "నేను పెద్దాణ్ణి కాదు." ధన్... "నాకు అయిదేళ్ళే."

చివరి దెబ్బ వినీ వినపడకుండా ఉంది. వాడి పొట్టలో ఉన్న కోపం అంతా డబ్బాలోకి పోయినట్టుంది. టీచరు వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. అంత పెద్ద కోపం కింద ఇంత చిన్న పిల్లాడు ఉన్నాడని అప్పుడు అందరికీ తెలిసింది.

మూడోరోజు దుఃఖం.

ఆ రోజు టీచరు అడక్కుండానే ఎస్తేరు లేచింది. సొరకాయ తీసుకుంది. దాన్ని ఊపలేదు. నేలకి ఆనించి మెల్లగా జరిపింది. గల... గల్‌గల... గల... గల్‌గల. ఒక కాలు సరిగా లేని బాతుపిల్ల నడిచినట్టు. పిల్లలందరికీ తెలిసిపోయింది, అది చుక్క నడక.  గల... గల్‌గల... గల... ఆ తర్వాత ఎస్తేరు చెయ్యి ఆగిపోయింది. సొరకాయ ఆగిపోయింది. వసారాలో ఆయమ్మ పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అంత నిశ్శబ్దంలో, కిలకిల.

"మళ్ళీ నవ్వింది! టీచర్, మళ్ళీ నవ్వింది!" అని పిల్లలంతా కేకలు వేశారు. ఒకడు చాప విసిరాడు. నాంచారయ్య లేచాడు కొట్టడానికి.

టీచరు ఈసారి తిట్టలేదు. మట్టికుండ తీసుకెళ్ళి వరాలు ఒళ్ళో పెట్టింది. "అందరివీ విన్నాం. నీది కూడా వినిపించు బంగారం" అంది.

వరాలు నవ్వుతూనే కుండ మీద చేతులు పెట్టింది. పెట్టగానే వేళ్ళు వాటంతటవే కదిలాయి. టకటకటకటకటక. చిన్న చప్పుడు, ఎంత వేగమంటే ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్యన సందు లేదు. నోరేమో నవ్వుతోంది, వేళ్ళేమో వణుకుతున్నాయి. టకటకటకటకటక.

పిల్లలు ఒక్కొక్కళ్ళే అరవడం మానేశారు. ఇదేం పాట? సంతోషం పాట ఇలా లేదే. కోపం పాట ఇలా లేదే.

అప్పుడు ఎస్తేరు లేచి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని కుండకి చెవి ఆనించింది. కళ్ళు మూసుకుని వింది. విని, తలెత్తి, "టీచర్, ఇది నవ్వు కాదు" అంది.

"మరేంటమ్మా?"

"మా చుక్కని మొదటిసారి చేత్తో పట్టుకున్నప్పుడు దాని గుండె ఇలాగే కొట్టుకుంది. టకటకా. నేను తినేస్తాననుకుంది. భయమేసింది దానికి." అని వరాలు మొహంలోకి చూసింది. "నీకు భయమేస్తోందా?"

వరాలు తల ఊపింది. నవ్వుతూనే ఊపింది. కళ్ళలోంచి రెండు చుక్కలు జారి కుండ మీద పడ్డాయి.

"చుక్క లేవలేదు కదా... నాకు భయమేసింది. నవ్వొచ్చేసింది. నేను పిలవలేదు ఎస్తేరూ. అదే వచ్చింది."

 తర్వాత నాంచారయ్య గొంతు సవరించుకున్నాడు. "అయితే నా నిక్కరు తడిసినప్పుడు?"

"అప్పుడూ భయమే. ఆయమ్మ నన్ను కూడా తిడుతుందని."

"నేనేం తిట్టానే తల్లీ! బకెట్టే కదా తెచ్చింది!" అని ఆయమ్మ వసారాలోంచి లబలబలాడింది. దానికి పిల్లలంతా నవ్వారు. నాంచారయ్య కూడా నవ్వాడు.

ఎస్తేరు అవతలి గోడ దగ్గరికి వెళ్ళింది. తన చాప చుట్టుకుని తెచ్చి వరాలు పక్కన పరిచింది. "జరుగు" అంది. అంతే అంది. అంతకంటే ఏమనాలి?

నువ్వు ఆవులించావు. నిద్రొస్తోందా? రావట్లేదా? సరే, ఇంకా ఉంది కథ.

ఆ సాయంత్రం వరాలు వాళ్ళమ్మ పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చింది. రోజంతా రొయ్యలు ఒలిచిన చేతులు, సబ్బుతో ఎంత కడిగినా వాసన పోనివి. టీచరు ఆవిణ్ణి గుమ్మం దగ్గర ఆపి సంగతంతా చెప్పింది. వాళ్ళమ్మ వింటూ వింటూ గడప మీద కూలబడింది.

"అయితే ఆ రోజు మోకాలు చీరుకుపోయినప్పుడు... పసుపు పెడితే నవ్విందండీ. నేను మురిసిపోయానండీ" అంది.

అని, వరాలుని దగ్గరికి లాక్కుని, ఆ మోకాలు పట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

"అమ్మా, అది మానిపోయిందిగా?"

"మానితే మానింది. ఊదనీ" అంది అమ్మ.

ఆ తర్వాత బడిలో ఒక కొత్త అలవాటు వచ్చింది. వరాలు నవ్వితే చాలు, పద్నాలుగు మందిలో ఎవరో ఒకరు చేతుల వైపు చూసేవాళ్ళు. చేతులు ఊరికే ఉంటే అది మామూలు నవ్వు, అందరూ కలిసి నవ్వేవాళ్ళు. వేళ్ళు టకటకలాడుతుంటే, "వరాలూ, ఏమైంది?" అని అడిగేవాళ్ళు. ఉరుము ఉరిమినప్పుడు ఒకసారి అడిగారు. సూదిమందు వేసే నర్సమ్మ వచ్చినప్పుడు ఒకసారి అడిగారు. అడిగిన ప్రతిసారీ సగం భయం అక్కడే పోయేది. నువ్వు కూడా సూదిమందంటే గట్టిగా పాట అందుకుంటావు కదూ? నేనేం అనలేదమ్మా, ఊరికే గుర్తొచ్చింది.

అలా ఉండగా వానలు ముదిరాయి. కొల్లేరు పొంగింది. నీళ్ళు ఊరి వీధుల్లోకి వచ్చి, బడి మెట్ల దాకా వచ్చి ఆగాయి. నీళ్ళు పెరిగితే మనుషులకే కాదు, పురుగూ పుట్రా కూడా మెరక వెతుక్కుంటాయి.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలయ్యాయి. ఆయమ్మ కంచాలు కడుగుతోంది. టీచరు ఒక పసివాడికి చొక్కా గుండీలు పెడుతోంది. "ఇవాళ వాన పాట వాయిద్దాం" అన్నారు పిల్లలు. వాయించేవన్నీ వెనక సామాన్ల కొట్టులో ఉన్నాయి. "నా కుండ నేను తెచ్చుకుంటా" అని వరాలు పరుగెత్తింది. "నా డబ్బా నేను తెచ్చుకుంటా" అని నాంచారయ్య వెనకాలే బయల్దేరాడు.

వరాలు కొట్టు తలుపు తోసింది. తోసి, గుమ్మంలోనే నిలబడిపోయింది. కిలకిలా నవ్వింది.

నాంచారయ్యకి ముందు ఆటలాగే అనిపించింది. "లోపల ఏముందే, ఎలకా?" అంటూ ముందుకు దూకబోయాడు.

గదిలోంచి ఎస్తేరు చూసింది. వరాలు చెయ్యి తలుపు చెక్క మీద ఉంది. వేళ్ళు టకటకటకటకలాడుతున్నాయి. అంత వేగంగా మునుపెప్పుడూ వినలేదు.

"నాంచారీ, ఆగు!" అని గట్టిగా అరిచింది ఎస్తేరు. "టీచర్! వరాలు నవ్వుతోంది!"

బయటివాళ్ళెవరైనా వింటే, నవ్వితే ఏమైందే అనేవాళ్ళు. ప్రమీల టీచరు అలా అనలేదు. గుండీ వదిలేసి లేచింది. అడుగు చప్పుడు కాకుండా వెళ్ళి, ఒక చేత్తో నాంచారయ్య చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. రెండో చేత్తో వరాలు నడుం చుట్టి ఎత్తుకుంది. ఎత్తుకున్నాక లోపలికి చూసింది.

గుడ్ల అట్టల పక్కన, మట్టికుండకి చుట్టుకుని, ఒక తాచుపాము. పడగ ఎత్తి ఉంది. వరాలు ఇంకో రెండడుగులు వేసి ఉంటే, నాంచారయ్య దూకి ఉంటే... వద్దులే, ఆ మాట మనకొద్దు. వెయ్యలేదు. దూకలేదు.

టీచరు తలుపు దగ్గరికి వేసి గొళ్ళెం పెట్టింది. అప్పుడు పిల్లలందరినీ బయట అరుగు మీదికి తీసుకొచ్చి లెక్క చూసుకుంది. పద్నాలుగు మందీ ఉన్నారు. ఆయమ్మ "పామండోయ్ పాము!" అని వీధి వీధంతా వినపడేలా కేక పెట్టింది.

వరాలు మాత్రం టీచరు భుజం మీద నవ్వుతూనే ఉంది. కిలకిల కిలకిల. ఆగట్లేదు. నవ్వి నవ్వి దానికి ఊపిరాడట్లేదు. ఉన్నట్టుండి ఆ నవ్వు విరిగింది. విరిగి ఏడుపైంది. అలా ఇలా కాదు, నోరంతా తెరిచి, పెద్ద ఏడుపు. ఆ పిల్ల అలా ఏడవడం అంతకుముందు ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు.

నాంచారయ్య కంగారుపడ్డాడు. "టీచర్, ఇది ఏడుపా, నవ్వా?"

"ఏడుపే నాన్నా. ఏడవనీ."

టీచరు వరాలుని అరుగు మీద దింపింది. ఎస్తేరు జరిగి వరాలు పక్కన కూర్చుంది. దాని చెయ్యి తీసుకుంది. వేళ్ళు ఇంకా టకటకలాడుతున్నాయి. ఎస్తేరు రెండో చేత్తో అరుగు మీద మెల్లగా కొట్టింది. దం... మళ్ళీ కాసేపు ఆగి, దం... నాంచారయ్య చూసి వాడూ కొట్టాడు. దం... తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఎవరూ గబగబా కొట్టలేదు. సంతోషం రోజున పైకప్పు లేపినవాళ్ళేనా వీళ్ళు అనిపించింది ఆయమ్మకి. దం... దం... దం... నిద్రపోతున్నవాళ్ళ ఊపిరిలాగా.

వరాలు వేళ్ళు ముందు తడబడ్డాయి. తర్వాత కొంచెం నిదానించాయి. ఆ తర్వాత అందరి చేతులతో కలిశాయి. దం... దం... ఏడుపు వెక్కిళ్ళయింది. వెక్కిళ్ళు ఊపిరయ్యాయి.

ఇంతలో వరాలు వాళ్ళ నాన్న, ఇంకో ఇద్దరూ పడవ వేసుకుని వచ్చారు. చేపలు పట్టేవాళ్ళకి నీటిపాములు, నేలపాములు అన్నీ అలవాటే. పొడుగాటి గెడ కర్రలూ, మూత ఉన్న వెదురుబుట్టా తెచ్చారు. తలుపు సందులోంచి మెల్లగా గెడ పెట్టి, ఎంతో ఓపిగ్గా దాన్ని బుట్టలోకి మళ్ళించారు. చంపలేదమ్మా, భయపడకు. ఊరికి దూరంగా తుంగ గుబురుల్లో వదిలేశారు. అదీ పాపం మెరక వెతుక్కునే వచ్చింది.

ఆయమ్మ కొట్టులోకి వెళ్ళి చూసి, బుగ్గ మీద వేలు పెట్టుకుని వచ్చింది. "రెండు గుడ్లు మింగేసింది టీచరుగారూ! మన బడిలో ఇవాళ పదిహేనో పిల్ల చేరింది. వయసు అడుగుదామంటే ఉండకుండా వెళ్ళిపోయింది" అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. వరాలూ నవ్వింది. ఎస్తేరు చప్పున చేతుల వైపు చూసింది. రెండు చేతులూ ఒళ్ళో కుదురుగా ఉన్నాయి. "మామూలు నవ్వే టీచర్!" అని అరిచి చెప్పింది.

సాయంత్రం వరాలు వాళ్ళ నాన్న పిల్లని భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. మోకాలి లోతు నీళ్ళలో ఇంటికి నడుస్తున్నాడు. ఆయన ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. కాసేపయ్యాక ఈల వేశాడు. దారిలో కనపడ్డవాళ్ళతో జోకులు వేశాడు.

వరాలు పైనుంచి వంగి, "నాన్నా, పాముని చూస్తే నీకు భయమేసిందా?" అంది.

"నాకా? భయమా? ఎన్ని పాముల్ని చూశానే నేను!" అన్నాడు.

వరాలు చెయ్యి కిందికి జార్చి ఆయన ఛాతీ మీద పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

"టకటకా అంటోంది నాన్నా" అంది.

ఆయన ఈల ఆగిపోయింది. నీళ్ళలో అలాగే నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా, "ఏసింది తల్లీ. నువ్వు ఆ గుమ్మంలో ఉన్నావని చెప్పారు చూడు, అప్పుడేసింది. ఇంకా పోలేదు" అన్నాడు.

"పోతుందిలే" అంది వరాలు.

అని, నాన్న ఛాతీ మీద చిన్న చేత్తో నిదానంగా కొట్టడం మొదలుపెట్టింది. దం... దం... దం... ఇల్లు వచ్చేదాకా కొడుతూనే ఉంది. ఇంటి ముందు అమ్మ దీపం పట్టుకుని ఎదురొచ్చేసరికి, నాన్న గుండె నిదానంగా కొట్టుకుంటోంది. వరాలు నాన్న తల మీద బుగ్గ ఆనించి నిద్రపోతోంది.

నువ్వు కూడా కళ్ళు మూసుకో. చెయ్యి ఇలా తే, నా చేతిలో పెట్టు. ఆఁ, అలా.

కథ పడవెక్కి కంచికి,
బాతులు బారుగా గూటికి,
కొంగలు తుంగల మాటుకి,
మనమిద్దరం నిద్రింటికి.